టోపీ మీది చిహ్నం – తెర మీది బొమ్మ

మానవుడు ధరించే వస్త్రాలలో తలకు ధరించేదానికి ఉన్న ప్రతిష్ఠ మరి దేనికీ లేదు. పాదరక్ష పాదాన్ని కాపాడుతుంది. కోటు దేహాన్ని కాపాడుతుంది. టోపీ మాత్రం తలను కాపాడటంతో తృప్తి చెందక, ఆ తల ఎవరిదో లోకానికి చాటుతుంది. అందువల్లనే తలపాగా చుట్టడం మనకు సన్మానం, తలపాగా తీయించడం అవమానం. ఉర్దూలో 'పగ్‌డీ ఉఛాల్‌నా' అంటే పరువు బజారున పడవేయడం. తెలుగులో 'టోపీ పెట్టడం' అంటే మోసగించడం. ఒకే వస్తువు చుట్టూ రెండు భాషలూ గౌరవాన్నీ వంచననూ రెండింటినీ అల్లుకున్నాయి. నేను ఈ వ్యాసంలో చర్చించదలచిన విషయం ఈ రెండింటి నడుమనే ఉన్నది.

టోపీ కేవలం టోపీగా ఎన్నడూ లేదు. ఉస్మానియా తుర్కీ సుల్తాను రెండవ మహమూద్ 1829లో తన ఉద్యోగులకు ఎర్రని ఫెజ్ టోపీని విధించాడు. సరిగ్గా అదే టోపీని 1925లో ముస్తఫా కమాల్ ప్రభుత్వం చట్టం చేసి నిషేధించింది. వంద సంవత్సరాలైనా నిండకముందే ఒక టోపీ ఆధునికతకు గుర్తుగా వచ్చి, పాతదనానికి గుర్తుగా వెళ్ళిపోయింది. అదే టోపీ 'రూమీ టోపీ' అన్న పేరుతో హైదరాబాదు పెద్దమనుషుల తలలపై ఎంతకాలం వెలిగిందో మన తాతల ఛాయాచిత్రాలు చెబుతాయి. గాంధీ టోపీ సంగతి వేరు. దానిపై ఏ చిహ్నమూ లేదు, ఏ అక్షరమూ లేదు. అయినా అది పలికినంత గట్టిగా మరి ఏ టోపీ పలకలేదు. టోపీ మీద గుర్తు కుట్టే అలవాటు క్రీడారంగం నుంచి బలపడింది. అమెరికాలో డెట్రాయిట్ బేస్‌బాల్ జట్టు 1901లో తన టోపీపై పులి బొమ్మను ధరించింది. ఆ తరువాత కర్మాగారాలు, పెట్రోలు బంకులు, ఎన్నికల పక్షాలు, చివరకు విద్యాలయాలు ఆ దారినే పట్టాయి.

నేడు మన కళాశాలల్లో క్రీడోత్సవం వచ్చినా, జాతీయ సేవా పథకం శిబిరం వచ్చినా, స్వర్ణోత్సవం వచ్చినా, మొదట తలపుకు వచ్చేది పేరూ చిహ్నమూ గల టోపీయే. దానికి ఆర్డరు ఇచ్చే పద్ధతి కూడా మారిపోయింది. పూర్వం దుకాణానికి వెళ్ళి, గుడ్డను చేతితో నలిపి చూసి, రంగుదారాల అట్టను వెలుతురులోకి తెచ్చి పరీక్షించేవారు. నేడు సెల్‌ఫోనులోకి ఒక బొమ్మ వస్తుంది. అందులో నీలిరంగు టోపీ, దాని నుదుటిపై మన కళాశాల చిహ్నం, ఎత్తుగా కుట్టినట్లు, వెలుగునీడలతో సహా కనబడుతుంది. 'బాగుంది' అని ఒక్క మాట తిరుగు టపాలో వెళుతుంది. పదిహేను రోజులకు మూడువందల టోపీలు వస్తాయి. పెట్టె విప్పిన తరువాత గాని అసలు సంగతి తెలియదు.

ఈ బొమ్మనే 'మాకప్' అంటున్నారు. ఇది ఎలా తయారవుతుందో తెలుసుకుంటే సగం భ్రమ తొలగుతుంది. ఎవరో ఎక్కడో తీసిన ఖాళీ టోపీ ఛాయాచిత్రం ఒకటి ఆధారంగా ఉంటుంది. దానిపై చిహ్నాన్ని పరచి, టోపీ వంపుకు తగినట్లు సాగదీస్తారు. ఛాయాచిత్రంలోని నీడలను చిహ్నం మీదకు కూడా ప్రసరింపజేస్తారు. దారపు పోగులను అనుకరించే గీతలను పైన అద్దుతారు. ఫోటోషాప్ అనే సాఫ్ట్‌వేరులో 2005లో 'స్మార్ట్ ఆబ్జెక్ట్' అనే సౌకర్యం వచ్చిన తరువాత ఇది మరీ సులువయింది: ఒకసారి అచ్చు సిద్ధం చేసి పెట్టుకుంటే, చిహ్నం మార్చినప్పుడల్లా టోపీ దానంతటదే ముస్తాబవుతుంది. అంటే మనం చూసేది మనకు రాబోయే టోపీ కాదు. మరెవరిదో టోపీ ఫోటోపై మన చిహ్నం వేసిన వేషం.

ఇంతమాత్రం చేత ఈ పద్ధతిని నిందించడం నా ఉద్దేశం కాదు. దీనివల్ల కలిగిన మేలు నిర్వివాదాంశం. జేబులో రూపాయి లేని విద్యార్థి సంఘం కూడా పది రకాల అమరికలను పైసా ఖర్చు లేకుండా పోల్చి చూసుకోగలుగుతున్నది. కర్నూలులో ఉన్నవారు హైదరాబాదు రాకుండానే బేరం చేయగలుగుతున్నారు. ముదురు ఆకుపచ్చపై నల్ల అక్షరాలు కనబడవన్న సంగతి గుడ్డా దారమూ వ్యర్థం కాకమునుపే తెలిసిపోతున్నది. ఊహను కంటికి చూపే సాధనంగా దీనికి సాటి లేదు. నా అభ్యంతరమంతా ఒక్కటే: ఊహకు సాధనమైనదాన్ని మనం సాక్ష్యంగా స్వీకరిస్తున్నాము.

బొమ్మ చెప్పలేని సంగతులు ప్రధానంగా నాలుగు ఉన్నాయి.

మొదటిది పరిమాణం. తెర మీద టోపీని మనం వేళ్ళతో ఎంతకైనా పెంచి చూడగలం. నిజమైన టోపీ నుదుటి భాగంలో కుట్టడానికి దొరికే ఎత్తు సుమారు 55 నుంచి 60 మిల్లీమీటర్లు మాత్రమే. మామూలు ఎంబ్రాయిడరీ దారం సుమారు 0.4 మిల్లీమీటరు వెడల్పును ఆక్రమిస్తుంది. కాబట్టి రోమన్ అక్షరమైనా సరే 5 మిల్లీమీటర్ల ఎత్తుకు తగ్గితే లోపలి ఖాళీలు పూడిపోతాయి. ఒక గుండ్రని చిహ్నంలో గ్రంథము, దీపము, గోపురము, స్థాపించిన సంవత్సరము, చుట్టూ కళాశాల పేరు, ఊరి పేరు అన్నీ ఇమిడ్చి, దానిని 55 మిల్లీమీటర్లలో కుట్టమంటే, యంత్రం కుడుతుంది. కాని మనం చదవలేము.

రెండవది వంపూ అతుకూ. మనం సాధారణంగా కొనే టోపీ ఆరు ముక్కల గుడ్డను కలిపి కుట్టినది. దాని నుదుటి మధ్యగా ఒక అతుకు నిలువునా దిగుతుంది. సన్నని అక్షరం ఒకటి సరిగ్గా ఆ అతుకు మీద పడితే సూది పక్కకు జారుతుంది, అక్షరం వంకరపోతుంది. అయిదు ముక్కల టోపీలో ఈ బాధ లేదు. లోపల బక్రం వేసి బిగువుగా నిలిపిన టోపీ ఒక విధంగా, మెత్తని టోపీ మరొక విధంగా కుట్టును భరిస్తాయి. కుట్టు పడుతున్న కొద్దీ గుడ్డ ఒకవైపు ముడుచుకుంటుంది, మరొకవైపు తోసుకుపోతుంది. అందుకే నిపుణులు టోపీపై చిహ్నాన్ని కింది అంచు నుంచి పైకి, నడుమ నుంచి పక్కలకు కుట్టిస్తారు. తెర మీది టోపీకి అతుకు ఉంటే ఉండవచ్చు. కాని ఆ అతుకు ఏ అక్షరాన్నీ వంచదు.

మూడవది రంగు. తెర తనంతట తానే వెలుగును వెదజల్లుతుంది. దారం తనపై పడిన వెలుగును మాత్రమే తిప్పి పంపుతుంది. ఒకే రంగు దారాన్ని అడ్డంగా కుడితే ఒక ఛాయ, నిలువుగా కుడితే మరొక ఛాయ కనబడుతుంది. ఎండలో ఒకటి, ట్యూబులైటు కింద మరొకటి. ఒకరి ఫోనులో ముదురు ఎరుపు మరొకరి ఫోనులో ఇటుక రంగు. ఇన్ని తెరల నడుమ 'మా కళాశాల ఆకుపచ్చ' ఏదో ఎవరు నిర్ణయించాలి? దారాల తయారీదారులు అంకెలతో కూడిన రంగుల అట్టను ఇస్తారు. ఆ అంకె తప్ప మరేదీ ప్రమాణం కాజాలదు.

నాలుగవది కుట్టు. చిహ్నం యంత్రానికి అర్థమయ్యే కుట్లుగా మారవలసి ఉన్నది. ఈ పనిని మన వ్యాపారులు 'పంచింగ్' అంటారు. స్విట్జర్లాండు దేశీయుడు ఐజాక్ గ్రోబ్లీ 1863లో కనిపెట్టిన షిఫ్లీ యంత్రానికి తరువాతి కాలంలో రంధ్రాల పట్టీలు ఆదేశాలిచ్చేవి. ఆ రంధ్రాలు పోయి కంప్యూటరు వచ్చినా పాత పేరు మాత్రం నిలిచింది. ఒక టోపీ చిహ్నంలో సాధారణంగా 5,000 నుంచి 10,000 కుట్లుంటాయి. ఏ గీతను ఏ దిశలో, ఎంత ఒత్తుగా, ఏది ముందు ఏది వెనుక కుట్టాలన్నది పంచింగ్ చేసేవాని విద్య. అతడు సిద్ధపరచిన కుట్ల ఫైలు నుంచి పుట్టిన బొమ్మ కొంతవరకు నమ్మదగినది. ఫోటోపై అద్దిన బొమ్మకు కుట్టు అంటేనే తెలియదు. ఈ రెండు రకాల బొమ్మలూ ఫోనులో ఒకేలా మెరుస్తాయి. తేడా అడిగి తెలుసుకునే కొనుగోలుదారులు అరుదు.

ఈ నాలుగూ ప్రపంచంలో అందరికీ ఉన్న చిక్కులే. ఉర్దూ, తెలుగు భాషల నడుమ బ్రతికే మనకు అదనంగా మరొకటి ఉన్నది. అది లిపి.

రోమన్ లిపిలో అక్షరాలు విడివిడిగా ఒకే వరుసలో నిలబడతాయి. తెలుగు అక్షరం అంతస్తులు కడుతుంది. 'శాస్త్ర' అన్న మాటలో సకారం కింద తకారం, దానితో రేఫం చేరి నిలుస్తాయి. పైన గుణింతపు గుర్తు ఉండనే ఉన్నది. అయిదు మిల్లీమీటర్ల అక్షరంలో వత్తుకు దక్కేది రెండు మిల్లీమీటర్లు. ఉర్దూ నస్తాలీఖ్ లిపి కుడి నుంచి ఎడమకు ఏటవాలుగా జారుతూ దిగుతుంది. దానికి పొడవుతో పాటు ఎత్తు కూడా కావాలి. ఇక చుక్కల సంగతి చెప్పనే అక్కరలేదు. 'బే'కు కింద ఒక చుక్క, 'పే'కు మూడు, 'తే'కు పైన రెండు. 'ఖుదా' అన్న పవిత్ర నామానికీ, వేరుపడినది అనే అర్థంగల 'జుదా'కూ తేడా చుక్క పైన ఉందా లోపల ఉందా అన్నదే. 'దుఆ' అంటే ప్రార్థన. దానిపై ఒక్క చుక్క పడితే 'దగా' అవుతుంది, ద్రోహం అవుతుంది. దారమే 0.4 మిల్లీమీటరు ఉన్నచోట మూడు చుక్కలు కలిసి ఒక మచ్చ కావడానికి ఎంతసేపు?

ఇది కుట్టులో వచ్చే కీడు. అంతకుముందే, బొమ్మలోనే వచ్చే కీడు మరొకటి ఉన్నది. సాఫ్ట్‌వేరులో మన లిపులకు తగిన ఏర్పాటును ఎన్నుకోకపోతే తెలుగు వత్తులు విడిపోయి 'విద్య' అన్నది 'విద్‌య'గా నిలబడుతుంది. ఉర్దూ అక్షరాలు చేయి చేయి విడిచి, ఎడమ నుంచి కుడికి ఎదురు నడక నడుస్తాయి. పాత అచ్చు ఫాంట్లలో కూర్చిన మాటను కొత్త చోట అతికిస్తే అర్థంలేని గుర్తులుగా మారుతుంది. ఇటీవల కృత్రిమ మేధతో క్షణాలలో బొమ్మలు గీయించుకుంటున్నారు. అవి మన లిపులను పోలిన గీతలు గీసి, ఏ భాషకూ చెందని మాటలను సృష్టించడం తరచుగా చూస్తున్నాము. చిత్రకారునికి ఈ రెండు లిపులలో ఏదీ రాకపోతే లోపం అతని కంటికి ఆనదు. తెలియని కంటికి విరిగిన అక్షరం కూడా అందమైన అల్లికగానే తోస్తుంది. బొమ్మ ఎంత చక్కగా మెరిస్తే తప్పు అంత చక్కగా దాగుతుంది.

నస్తాలీఖ్‌ను యంత్రానికి అందించడానికి 1981లో మీర్జా అహ్మద్ జమీల్ సిద్ధపరచిన నూరీ నస్తాలీఖ్‌లో సుమారు 20,000 సంయుక్త రూపాలు ఉన్నాయి. 1991లో యూనికోడ్ తొలి ప్రమాణంలోనే తెలుగు చోటు సంపాదించింది. ఉర్దూకు 2017లో తెలంగాణ రాష్ట్రమంతటా, 2022లో ఆంధ్రప్రదేశ్‌లో రెండవ అధికారభాష హోదా లభించింది. ఇంత శ్రమకూ ఇంత పోరాటానికీ తరువాత మన భాషలు మన విద్యార్థుల నుదుటిపైకి తప్పుడు రూపంలో ఎక్కడం అన్యాయం కాదా? చట్టంలో గెలిచిన అక్షరం టోపీలో ఓడిపోరాదు.

మన పూర్వులకు ముందుచూపు బొమ్మ తెలియదని భావించరాదు. జర్దోజీ పనివారు నేటికీ 'ఖాకా' అనే పద్ధతిని పాటిస్తారు. కాగితంపై నమూనాను గీసి, గీత వెంట సూదితో సన్నని రంధ్రాలు పొడుస్తారు. ఆ కాగితాన్ని అడ్డాపై బిగించిన గుడ్డ మీద పరచి, సుద్దపొడి కలిపిన ద్రవాన్ని అద్దుతారు. కాగితం తీయగానే గుడ్డపై చుక్కల బొమ్మ నిలుస్తుంది. అది కూడా మాకప్పే. కాని అది అసలు గుడ్డ మీద, అసలు కొలతలో, కుట్టబోయే మనిషి కళ్ళ ముందే పడే బొమ్మ. అది అందంగా ఉండదు, నిజంగా ఉంటుంది. తెర మీది బొమ్మ అందంగా ఉంటుంది. దానికి కొలత లేదు, గుడ్డ లేదు, కుట్టే చేయి లేదు. ఖాకాకు ఉన్న నిజాయితీని డిజిటల్ బొమ్మకు ఎలా నేర్పాలన్నదే నేటి ప్రశ్న.

వివాదం వచ్చినప్పుడు ఈ తేడా ఎంత ముఖ్యమో తెలుస్తుంది. 1930 నాటి మన వస్తు విక్రయ చట్టం రెండు రకాల విక్రయాలను వేరు చేసింది. వర్ణననుబట్టి జరిగే విక్రయం 15వ సెక్షనులో, మచ్చునుబట్టి జరిగే విక్రయం 17వ సెక్షనులో ఉన్నాయి. మచ్చు చూపి అమ్మినప్పుడు మొత్తం సరుకు మచ్చుకు సరిపోవాలి. పోల్చి చూసుకునే అవకాశం కొనుగోలుదారునికి ఉండాలి. ఇస్లామీయ ధర్మశాస్త్రంలోనూ ఇటువంటి వివేచన ఉన్నది. వస్తువును తయారుచేయించుకునే ఒప్పందాన్ని హనఫీ పండితులు 'ఇస్తిస్నా' అన్నారు. చూడకుండా కొన్నవానికి చూసిన తరువాత నిర్ణయించుకునే హక్కును చర్చించారు. ఇమాం అబూ యూసుఫ్ అభిప్రాయం ప్రకారం వస్తువు చెప్పిన వర్ణనకు సరిపోతే ఇరుపక్షాలూ కట్టుబడాలి. ఉస్మానియా సామ్రాజ్యంలో 1869–1876 నడుమ క్రోడీకరించిన 'మజల్లా' కూడా ఆ అభిప్రాయాన్నే స్వీకరించింది. వర్ణన ఎంత స్పష్టమైతే కలహం అంత తక్కువ అన్నది ఇందులోని సారాంశం.

నా అభిప్రాయంలో మాకప్ వర్ణన మాత్రమే, మచ్చు కాదు. అదీ అసంపూర్ణమైన వర్ణన. దానిని మచ్చుగా భావించి సమ్మతి తెలిపేవారు తమ హక్కును తామే వదులుకుంటున్నారు. మచ్చుగా చూపి సొమ్ము తీసుకునేవారు తమ మాటకు మించిన వాగ్దానం చేస్తున్నారు. ఫలితం ఏమిటి? టోపీలు చెడితే నష్టం సాధారణంగా ఇద్దరిలో బలహీనుని మీద పడుతుంది. ఒకప్పుడు అది చందాలు పోగుచేసిన విద్యార్థి. మరొకప్పుడు రెండు యంత్రాలతో ఇరుకు గదిలో రాత్రింబవళ్ళు కుట్టే చిన్న పనివాడు. బొమ్మ గీసి పంపిన దళారికి మాత్రం నష్టం లేదు. 'తలపాగా చుట్టలేక తల వంకర అన్నట్లు' కుట్టేవాడు గుడ్డను, కొన్నవాడు కుట్టేవాడిని, దళారి ఇద్దరినీ నిందించడం పరిపాటి అయింది.

మన సంస్థలకు సంబంధించి మరొక సున్నితమైన అంశాన్ని కూడా ప్రస్తావించక తప్పదు. ముస్లిం విద్యాసంస్థల చిహ్నాలలో ఖుర్‌ఆన్ వాక్యం ఉండటం కద్దు. అలీగఢ్ విశ్వవిద్యాలయ చిహ్నంలో 96వ సూరాలోని 5వ ఆయత్ ఉన్నది. గోడపై, పట్టాపై, గ్రంథం అట్టపై అది శోభిస్తుంది. టోపీ అలా కాదు. అది చెమటతో తడుస్తుంది, ఆటస్థలంలో నేలపై పడుతుంది, స్నానాల గదిలో మేకుకు వ్రేలాడుతుంది, చివరకు చింకిగుడ్డలలో చేరుతుంది. తెర మీది టోపీకి చెమట పట్టదు. కాబట్టి బొమ్మను చూసేటప్పుడు ఈ ఆలోచనే మనకు రాదు. టోపీకి వేరుగా, పవిత్ర వాక్యం లేని సరళమైన గుర్తును ఏర్పరచుకోవడం మంచిదని నా మనవి. అది భక్తికీ మేలే, కుట్టుకూ మేలే. అలాగే బొమ్మలోని టోపీ గాలిలో తేలుతుంది. మన విద్యార్థినులలో అనేకులు దానిని హిజాబ్ మీద ధరిస్తారు. వారి కొలత ఏమిటో తెర అడగదు, మనమే అడగాలి.

మరి చేయవలసినది ఏమిటి? పెద్ద ఖర్చులేని కొన్ని నియమాలు చాలు. మొదట, చిహ్నాన్ని అసలు కొలతలో కాగితంపై అచ్చు వేయించి, కత్తిరించి, ఒక టోపీకి గుండుసూదితో గుచ్చి పది అడుగుల దూరం నుంచి చూడాలి. నేటి ఖాకా ఇదే. రెండవది, అక్షరాలను తెలుగు తెలిసిన ఒకరు, ఉర్దూ తెలిసిన ఒకరు చదివి సంతకం చేయాలి. ఆ తరువాత చిత్రకారుడు వాటిని గీతలుగా స్థిరపరచి పంపాలి, అప్పుడు మరొకరి కంప్యూటరులో అవి విరగవు. మూడవది, వందల సంఖ్యలో కుట్టించేముందు, అదే గుడ్డ, అదే టోపీ, అదే దారంతో ఒక్కటి కుట్టించి పగటి వెలుగులో పరిశీలించాలి. ఆ ఒక్క టోపీ వెలను మనమే సంతోషంగా భరించాలి. నాలుగవది, కొలత మిల్లీమీటర్లలో, దారం రంగు అంకెలలో, మచ్చుకు భిన్నంగా వస్తే నష్టం ఎవరిదో మాటలలో, ఒక కాగితంపై వ్రాసుకోవాలి.

విద్యార్థినీ విద్యార్థులారా! తెలుగు, ఉర్దూ సాహిత్యాలు చదివితే ఉపాధి ఏమిటని మీలో కొందరు నిరాశ చెందుతుంటారు. రెండు లిపుల స్వరూపం తెలిసి, పంచింగ్ విద్య కూడా నేర్చినవారు మన పట్టణాలలో ఎందరున్నారు? వత్తును ఎక్కడ కుదించవచ్చో, చుక్కను ఎంత దూరం జరపవచ్చో, అయినా మాట మాటగానే నిలిచేటట్లు ఎలా కుట్టవచ్చో చెప్పగలిగేది లిపి తెలిసినవాడే. ఖుష్‌ఖత్ నేర్చిన వేలికీ, ఛందస్సు నేర్చిన చెవికీ ఈ పనిలో స్థానం ఉన్నది. యంత్రం వచ్చినప్పుడు దానిని చూసి భయపడేవారు కొందరు, మురిసిపోయేవారు కొందరు. దానికి మన భాష నేర్పేవారు కావాలి.

బొమ్మను చూడండి, ఆనందించండి, నలుగురికీ చూపండి. సమ్మతి మాత్రం టోపీని చేతిలోకి తీసుకున్న తరువాతనే తెలపండి. తల మనది, పేరు మన కళాశాలది, అక్షరం మన భాషది. ఈ మూడింటి పరువూ ఒకే గుడ్డముక్కపై ఆధారపడి ఉన్నప్పుడు, ఒక్క మచ్చు కుట్టించడానికి పట్టే రెండు రోజుల ఓపిక మనకు లేకపోవడం శోచనీయం. ఆ ఓపికను అలవరచుకుంటే మన టోపీ మనకు గౌరవమే తెస్తుంది. తెలుగు నానుడిలోని టోపీ మన తలకెక్కకుండా ఉంటుంది.